దూరప్రయాణమునకు సన్నాహమనగా బరువు దించుకొనుట

వేసవి సమీపించుచుండగా ఉత్తర అమెరికా ఖండమున వేలకొలది కుటుంబములు ఉత్తరదిశకు ప్రయాణమగుచుండును. పరుండుటకు మంచములు, వంటకు పొయ్యి, స్నానమునకు గది గల ట్రెయిలరు బండిని పికప్ ట్రక్కు వెనుక తగిలించుకొని, కెనడా దేశము మీదుగా అలాస్కా చేరుట ఆ దేశీయులలో పలువురకు చిరకాల వాంఛితము. ఈ పత్రికను చదువు కుటుంబములలో బిడ్డలు ఆ దేశములందు స్థిరపడినవారు కలరు. వేసవి గడుపుటకై బిడ్డల యొద్దకు పోయిన తలిదండ్రులను ఇట్టి యాత్రకు తోడ్కొనిపోవుట ఈ దినములలో వింత కాదు. కావున ఈ విషయము మన పత్రికకు దూరమైనదని పాఠకమహాశయులు భావింపరని నమ్ముచున్నాము.

యాత్రకు సన్నాహమెట్లు చేయవలెనను ప్రశ్నకు సాధారణముగా వచ్చు సమాధానము ఒక జాబితా. కొనవలసినవి, కట్టవలసినవి, ఎక్కింపవలసినవి అందు నిండియుండును. మా అభిప్రాయము వేరు. ఈ యాత్రకు ముఖ్యమైన సన్నాహము వస్తువులను చేర్చుట కాదు, దించుట. ఏమి తీసికొనిపోవలెనని విచారించుటకు ముందు మన బండి ఎంత మోయగలదని విచారింపవలెను. ఈ క్రమము తలక్రిందైనందుననే పెక్కు యాత్రలు నడిదారిలో నిలిచిపోవుచున్నవి, కొన్ని ప్రాణాపాయమునకు దారితీయుచున్నవి.

ముందుగా బాట యెట్టిదో తెలియవలెను. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమందలి డాసన్ క్రీక్ పట్టణమున మొదలై, యూకాన్ ప్రాంతము గుండా సాగి, అలాస్కాలోని డెల్టా జంక్షన్ వద్ద ముగియు అలాస్కా రహదారి నేడు సుమారు 2,232 కిలోమీటర్లు. చెన్నై నుండి ఢిల్లీకి రైలుమార్గము దాదాపు ఇంతియే. కాని అమెరికాలోని సియాటిల్ నగరము నుండి బయలుదేరువారు ఈ రహదారి మొదటికి చేరుటకే 1,300 కిలోమీటర్లు పోవలెను. పోయిన దారియంతయు తిరిగి రావలెను గదా! చెన్నై, ఢిల్లీ నడుమ ఊరికొక మెకానిక్కు, మలుపుకొక పంక్చరు దుకాణము దొరకును. అచ్చట ఫోర్ట్ నెల్సన్‌కు పాత మైలురాయి 300, వాట్సన్ లేక్‌కు 635. ఈ రెండు ఊళ్ళ నడుమ కొండలు, సరస్సులు, అడవి, అచ్చటచ్చట ఒక విడిది. అంతకు మించి లేదు.

ఈ రహదారి 1942లో పుట్టినది. 1941 డిసెంబరులో పెరల్ హార్బరుపై దాడి జరిగిన పిమ్మట అలాస్కాకు భూమార్గము అత్యవసరమని అమెరికా ప్రభుత్వము తలచెను. పదివేలకు పైబడిన సైనికులు మార్చి నెలలో పని ప్రారంభించి, అదే సంవత్సరము నవంబరు 20వ తేదీన క్లువానీ సరస్సు సమీపమున రహదారిని లాంఛనముగా తెరచిరి. ఆ సైనికులలో సుమారు మూడవవంతు నల్లజాతివారు. సైన్యమున జాతివివక్ష ఇంకను అమలులోనున్న దినములవి, దానిని తొలగించు ఉత్తర్వు 1948లో గాని రాలేదు. నేడు ఆ బాటపై విహారార్థము పోవువారు వారి శ్రమను ఒక్కమారైనను స్మరించుట ధర్మము. ఆ నిర్మాణమున వారు నేర్చిన పాఠమొకటి మనకును పనికివచ్చును. అచ్చటి నేల అడుగున సంవత్సరము పొడవునను గడ్డకట్టియుండు మట్టిపొర కలదు. పైనున్న నాచును, మొక్కలను గీకివేయగానే ఎండ తగిలి ఆ పొర కరగి బురదయయ్యెను, బరువైన యంత్రములు అందు దిగబడెను. అప్పుడు వారు నేలను గీకుట మాని, దుంగలను వరుసగా పరచి వానిపై బాట వేసిరి. నేలను లొంగదీయవలెనను పట్టుదలతో గాక, నేల భరించు మేరను తెలిసికొని నడచుటచేతనే వారు గమ్యము చేరిరి.

1948లో సామాన్య ప్రజలకు ఈ దారి తెరువబడినప్పుడు అది కంకరబాట. నేడు మరమ్మతులు జరుగు చోట్లు తప్ప పొడుగునను తారు పరచబడియున్నది. ఇందువలననే క్రొత్త చిక్కు వచ్చినది. కంకరబాట నాళ్ళలో యాత్రికుడు భయముతో బయలుదేరెడివాడు. నేడు తారురోడ్డే కదా యని ధీమాతో బయలుదేరుచున్నాడు. క్లువానీ సరస్సు దాటినది మొదలు అలాస్కా సరిహద్దు వరకు గల భాగమున అడుగునున్న మంచుపొర కరగి ఒకచోట క్రుంగును, నీరు గడ్డకట్టి మరియొకచోట ఉబ్బును. బాట అలలవలె లేచిపడుచుండును. దూరమునుండి నున్నగా కనుపించు రోడ్డు దగ్గరకు వచ్చుసరికి బండిని ఎగురవేయును. ట్రక్కు తట్టుకొన్నను వెనుకనున్న ట్రెయిలరు తట్టుకొనదు.

ఇక బరువు సంగతి. ట్రక్కు అమ్మువాడు ఈ బండి పదివేల పౌనులు లాగగలదని గొప్పగా చెప్పును. కొనువాడు ఆ అంకెనే జ్ఞాపకముంచుకొనును. కాని డ్రైవరు తలుపు ప్రక్కన చట్రముపై అంటించిన చిన్న చీటీలో మరియొక అంకె కలదు. మనుష్యులు, సామానులు కలిసి ఇంతకు మించరాదని అది చెప్పును. లాగు శక్తి వేరు, మోయు శక్తి వేరు. ఒక చిన్న లెక్క వేసి చూతము. చీటీలోని అంకె 1,500 పౌనులనుకొందము. సామాను నింపిన ట్రెయిలరు 6,500 పౌనులనుకొందము. ట్రెయిలరు తన బరువులో నూటికి 10 నుండి 15 పాళ్ళు ముందున్న కొక్కెముపై మోపవలెను, లేనిచో అది దారిలో నిలకడగా నడువదు. 13 పాళ్ళ చొప్పున 845 పౌనులు. కొక్కెపు సరంజామా 100 పౌనులు. దంపతులిరువురు 320, వెంటవచ్చిన వృద్ధులైన తలిదండ్రులు 280. మొత్తము 1,545 పౌనులు. ట్రక్కులో ఒక్క పెట్టెయైనను, ఒక్క ఇడ్లీపాత్రయైనను ఎక్కింపక మునుపే హద్దు దాటినది! పదివేల పౌనులు లాగగల బండి ఆరువేల అయిదువందల పౌనుల ట్రెయిలరుకే చాలకపోవుట ఈ విధముగా సంభవించుచున్నది.

బరువును పంచు ప్రత్యేకపు కొక్కెములు కలవు గదా యని కొందరందురు. కలవు, అవి మేలైనవే. ట్రక్కు వెనుక ఇరుసుపై పడు భారమును కొంత ముందు ఇరుసునకును, కొంత ట్రెయిలరు ఇరుసులకును మరలించును. కాని అవి భారమును మార్చునే గాని మాయము చేయవు. ఊహించుట కంటె తూచుట మేలు. ఆ దేశమున రహదారుల ప్రక్క లారీల విడుదులలో కాటాలు కలవు. కొద్ది డాలర్ల రుసుముతో ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రెయిలరు ఇరుసుల బరువులను వేరువేరుగా వ్రాసి ఇత్తురు. ట్రెయిలరుతో ఒకమారు, అది లేకుండ ఒకమారు తూచినచో కొక్కెముపై పడు బరువును తెలియును. లారీ నడుపువాడు కాటా చీటీ లేక కదలడు. కుటుంబమును ఎక్కించుకొని పోవువాడు ఊహపై పోవుట యెట్టి న్యాయము?

అదే బరువును ఎచ్చట ఉంచితిమనునది కూడ ముఖ్యమే. ట్రెయిలరు వెనుకభాగమున సైకిళ్ళు, జనరేటరు, కట్టెలు కట్టినచో ముందు తేలికయగును. అప్పుడు గాలివిసురునకో, ఎదురుగా పోవు పెద్దలారీ తాకిడికో తోక ఊగనారంభించును. ఊపు పెరిగిన కొలది ట్రక్కును కూడ త్రిప్పివేయును. అట్టి సమయమున భయపడి ట్రక్కు బ్రేకును గట్టిగా త్రొక్కరాదు. యాక్సిలరేటరుపై కాలు తీసి, ట్రెయిలరు బ్రేకును మాత్రము చేతితో వేయు మీటను మెల్లగా నొక్కవలెను. ఆ మీట ఎచ్చటనున్నదో చీకటిలోనైనను చేతికి అందునట్లు ముందుగా అలవాటు చేసికొనవలెను. బరువైన వస్తువులు ఇరుసుల మీదను, వానికి కొంచెము ముందును, నేలకు దగ్గరగా ఉండవలెను.

నీటిని గూర్చి ఒక మాట. 150 లీటర్ల తొట్టిని నింపినచో 150 కిలోలు, అనగా 330 పౌనులు పెరుగును. రెండు దినములకొకమారైనను నీరు దొరకు దారిలో తొట్టి నిండుగా మోసికొనిపోవుట అనవసరము. త్రాగుటకును, బండి నిలిచిపోయినచో ఒక దినము గడచుటకును చాలునంత ఉంచుకొనవలెను. అట్లని పెట్రోలు విషయమున ఈ పొదుపు పనికిరాదు. టాంకి సగమైనప్పుడు ఎదురైన బంకు వద్ద నింపుకొనవలెను. ముందున్న బంకు తెరచియుండునను హామీ లేదు.

తరువాత టైర్లు. ట్రెయిలరు టైర్లు అరిగి చెడుట అరుదు, నిలిచి చెడుట ఎక్కువ. ఏడాదిలో పదునొకండు నెలలు ఎండలో నిలిచిన టైరు పైకి క్రొత్తదివలె కనుపించుచు లోపల శుష్కించియుండును. టైరు ప్రక్కగోడపై ముద్రించిన సంకేతమున చివరి నాలుగంకెలు దాని పుట్టుకను తెలుపును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనది. అయిదారేండ్లు దాటినచో గాడి ఎంత లోతుగా ఉన్నను మార్చివేయవలెనని మా అభిప్రాయము. పాత టైర్లతో రెండు స్టెప్నీలు మోయుట కంటె క్రొత్త టైర్లతో ఒక్క స్టెప్నీ మోయుట తెలివి. గాలి తక్కువైన టైరు వంగి వంగి వేడెక్కి పగులును. కావున ప్రతి ఉదయము బండి కదలక మునుపు, టైరు చల్లగా ఉండగనే గాలి చూడవలెను. ట్రెయిలరు టైర్లలో పలురకములు గంటకు 65 మైళ్ళ వేగమునకే తయారైనవి. ట్రక్కు అంతకు మించి పరుగెత్తగలదన్న మాట టైరునకు తెలియదు.

మనలో పలువురి పూర్వులు తెలుగుసీమను విడిచి బండ్లు కట్టుకొని వచ్చినప్పుడు ఇరుసుకు కందెన పెట్టకుండ ఊరు కదలియుందురని తలపజాలము. ట్రెయిలరునకును అదియే మొదటి మర్యాద. చక్రముల బేరింగులను విప్పి, కడిగి, క్రొత్త గ్రీజు పట్టింపవలెను. కమాను పట్టీలు, వానిని పట్టియుంచు బోల్టులు, ఇరుసుల నడుమ తూగుముక్క అరిగియున్నవేమో చూడవలెను, ఎగుడుదిగుడు బాటపై మొదట విరుగునవి ఇవియే. చక్రము విప్పి బిగించిన పిమ్మట 50, 100 మైళ్ళు పోగానే నట్లను మరల బిగించి చూడవలెను. ట్రెయిలరు విద్యుత్ బ్రేకులు పట్టుచున్నవా, పొరపాటున కొక్కెము ఊడినచో తమంతట తాము బ్రేకులు వేయు తీగయు, దానికి శక్తినిచ్చు బ్యాటరీయు పనిచేయుచున్నవా యని పరీక్షింపవలెను. జాకీ ట్రెయిలరు ఎత్తునకు సరిపోవునా, స్పానరు దాని నట్లకు పట్టునా? ఈ ప్రశ్నలకు సమాధానము ఇంటి ముంగిట ఒకమారు చక్రము మార్చి తెలిసికొనవలెను. దాహమైనప్పుడు బావి త్రవ్వుట ఉత్తరపు బాటలో సాగదు.

ఇన్నియు చేసిన పిమ్మట ఇంటికి దగ్గరలో రెండు మూడు దినములు పోయి రావలెను. అల్మారా తలుపు తెరచుకొని పాత్రలు పడుట, గ్యాసు కారుట, పైకప్పు అతుకునుండి నీరు దిగుట మొదలగు లోపములు ఆ చిన్నప్రయాణముననే బయటపడును. పెట్రోలు బంకు చేరుటకు ముందే ట్రెయిలరులో గ్యాసుతో నడచు వస్తువులన్నింటిని ఆర్పు అలవాటును అప్పుడే పట్టుబడును.

ఇంత విచారమెందుకు, ఎందరో పాతకార్లతో పోయివచ్చిరి గదా యని ఆక్షేపించువారు కలరు. పోయివచ్చినవారే వచ్చి చెప్పుదురు, రానివారు చెప్పరు. అదియునుగాక ఇది ఒక కుటుంబపు సాహసము మాత్రమే కాదు. ఆ రహదారి చాలమేరకు రెండు వరుసల బాట. ఊగిపోవు ట్రెయిలరు తన వరుసలోనే ఊగదు, ఎదురుగా వచ్చు నిరపరాధుల వరుసలోనికి పోవును. సాయము వందల మైళ్ళ దూరమునుండి రావలెను. ఒకరి అజాగ్రత్తకు ఆ చిన్న ఊళ్ళలోని కొద్దిపాటి వైద్యులు, సహాయకులు, దారినపోవు లారీవారు తమ దినమును ధారపోయవలసివచ్చును. ఇక ఖర్చు మాట. నాలుగు టైర్లు, బేరింగుల గ్రీజు, కాటా రుసుము కలిసినను అడవిలో విరిగిన ఇరుసును లాగించి తెచ్చు వ్యయమున కొంత మాత్రమే.

దీనికి పూర్తిగా విరుద్ధమైన తప్పు రెండవ పక్షమువారు చేయుచున్నారు. భయముచేత దొరికినదెల్ల మూటగట్టుదురు. రెండు పంపులు, మూడు పెట్టెల పనిముట్లు, నెలకు సరిపడు బియ్యము! భయముతో ఎక్కించిన ప్రతి వస్తువును ఆ భయమునకు కారణమైన టైరునే నొక్కుచున్నదని వారు గ్రహింపరు. వైట్‌హార్స్ వంటి పట్టణములలో అంగళ్ళు కలవు, బియ్యము దొరకును. దొరకనిది ఆరోగ్యమైన ఇరుసు మాత్రమే.

దించుకొనవలసిన బరువులలో కంటికి కనుపించనిది ఒకటి కలదు. అది తొందర. జూను మూడవవారమున ఫెయిర్‌బ్యాంక్స్ నగరమున పగలు సుమారు 22 గంటలు. ప్రొద్దు క్రుంకదు గనుక డ్రైవరు ఆగడు. కన్ను వెలుతురును చూచి మోసపోవును గాని శరీరము మోసపోదు. ఉబికిన రోడ్డు, దారికడ్డువచ్చు అడవిదున్నలు, మూస్ జంతువులు, మలుపున కంకర చిమ్ము లారీలు, ఇవన్నియు అలసిన కంటి కొరకే కాచుకొనియుండును. సెలవు పదిదినములే అయినచో గమ్యమును దగ్గర చేసికొనవలెను గాని వేగమును పెంచరాదు. వైట్‌హార్స్ వరకు పోయి నెమ్మదిగా మరలివచ్చినవాడు యాత్ర చేసినవాడే. పరుగెత్తి అలాస్కా పలకను ముట్టివచ్చినవాడు దారినే చూడలేదు.

తలిదండ్రులను వెంటబెట్టుకొనిపోవువారు వేరుగా గమనింపవలసినవి కొన్ని కలవు. అమెరికా వీసా కలిగినంత మాత్రమున కెనడాలో ప్రవేశము దొరకదు. అమెరికాలో శాశ్వత నివాసహక్కు లేని భారత పౌరులకు కెనడా వీసా ప్రత్యేకముగా కావలెను. అలాస్కా చేరునప్పుడు మరల అమెరికా సరిహద్దు దాటవలసియుండును గనుక తిరిగి ప్రవేశించుటకు తమ వీసా చెల్లునో లేదో బయలుదేరక మునుపే చూచుకొనవలెను. అమెరికాకై తీసికొన్న వైద్యబీమా కెనడాలో వర్తించునా యని వ్రాతమూలముగా అడిగి తెలిసికొనవలెను. నిత్యము వేయు మందులు యాత్రా దినములకు మించి రెండువారములకు సరిపడునట్లు ఉండవలెను. ఊళ్ళ నడుమ సెల్‌ఫోను పలుకని దూరములు పెక్కు. ఉపగ్రహము ద్వారా సందేశము పంపు చిన్న యంత్రమొకటి ఉంచుకొనుట మేలు, దాని బరువు లెక్కలోనికి రాదు.

పెద్దలకు మా విన్నపము ఒకటి. బిడ్డలు ప్రేమతో యాత్రకు పిలిచినప్పుడు, మాకేమి తెలియును, మీ ఇష్టమని ఊరకుండుట మన వాడుక. ఈ విషయమున ఆ వాడుక విడువవలెను. బండి ఎక్కుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను. బండిని కాటా వేయించితివా నాయనా? ట్రెయిలరు టైర్లు ఏ సంవత్సరమువి? దినమునకు ఎన్ని గంటలు నడుపుదువు? ఈ మూటికి అంకెలతో సమాధానము చెప్పగల బిడ్డ వెంట నిశ్చింతగా పోవచ్చును. చెప్పలేనిచో బయలుదేరుటను ఒక వారము వెనుకకు నెట్టుట తప్పుకాదు. కొండలును, సరస్సులును అచ్చటనే ఉండును.